అగ్గిపెట్టె ఏనుగు చరిత్ర

సంఘం స్వర్ణోత్సవ సంచిక కోసం మన బడి చరిత్రలో ఏదైనా ఒక అంశం రాయమని సంపాదకవర్గం అడిగింది. భవనాల గురించి, ప్రధానోపాధ్యాయుల గురించి, పదో తరగతి ఫలితాల గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లున్నారు. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదువుకుని, తర్వాత ఇదే బడి ప్రాథమిక విభాగంలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి, ఏ రిజిస్టరులోనూ ఎక్కని ఒక పని గురించి రాస్తాను. చిన్నపిల్లలు ఇంట్లో పడి ఉన్న వస్తువులతో జంతువుల బొమ్మలు చేయడమే ఆ పని.

ఖాళీ అగ్గిపెట్టెకు నాలుగు పుల్లలు గుచ్చి, కాగితం తొండం అంటిస్తే ఏనుగు. కొబ్బరి చిప్ప బోర్లిస్తే తాబేలు. బట్టల క్లిప్పు నోరు తెరిస్తే మొసలి. పెద్దవాళ్లు దీన్ని వానరోజు కాలక్షేపం అనుకుంటారు. కానీ దీనికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి పిల్లలది, రెండోది బడులది. పిల్లల చరిత్ర ఎన్నడూ ఆగలేదు. బడుల చరిత్ర మాత్రం ప్రతి తరంలోనూ ఉత్సాహంగా మొదలై, కొన్నేళ్లకు చల్లబడుతూ వచ్చింది. అలా ఎందుకు జరిగిందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదల్లేదు.

ముందు పిల్లల చరిత్ర చూద్దాం. సింధు నాగరికత నగరమైన మొహెంజొదారోలో మట్టి ఎద్దు బొమ్మ ఒకటి దొరికింది. దాని తలను విడిగా చేసి, దారంతో మొండేనికి కలిపేలా ఏర్పాటు చేశారు. దారం లాగితే ఎద్దు తల ఊపుతుంది. ఆ తవ్వకాల్లో చిన్న చిన్న మట్టి బండ్లు కూడా బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ల కిందటి ఆ ఇళ్లలోనూ ఎవరో ఒక పిల్లవాడి కోసం మట్టి పిసికారన్నమాట.

శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ నాటకానికి ఆ పేరు ఒక ఆటబొమ్మ వల్లే వచ్చింది. మృచ్ఛకటికం అంటే మట్టి బండి. పేదవాడైపోయిన చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పక్కింటి పిల్లవాడి బంగారు బండి చూసి, తనకూ అదే కావాలని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టి బండిలో పోస్తుంది. ఇంట్లో చేసిన బొమ్మకూ పక్కింట్లో ఉన్న ఖరీదైన బొమ్మకూ మధ్య పోటీ మన కాలంలో పుట్టింది కాదని చెప్పడానికే ఈ సంగతి గుర్తుచేశాను.

మన తెలుగునాట ఈ పనికి కొదవ లేదు. గద్వాల ప్రాంతంలో ఏరువాక పున్నమి తర్వాత వచ్చే అమావాస్యను మట్టెద్దుల అమావాస్య అంటారు. ఆ రోజు బంకమట్టితో ఎద్దులను చేసి పూజిస్తారు. కోస్తాలో ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయ బుర్రలు రెండింటిని పుల్లతో కలిపి, పంగల కర్రతో తోసుకుంటూ ఊరంతా తిరగని పిల్లలు ఒకప్పుడు లేరు. కొబ్బరాకుతో పాము, మిడత, చిలుక అల్లడం అన్న దగ్గర తమ్ముడు నేర్చుకునే విద్య. సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువులో కొన్న బొమ్మల పక్కన ఇంట్లో చేసినవీ కూర్చునేవి. కొండపల్లి కళాకారులు సైతం తెల్లపొణికి కర్ర ముక్కలను అతికించడానికి వాడేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కునే. అంత పేరున్న అంబారీ ఏనుగు కాళ్లు నిలబడేది వంటింటి గింజల బలం మీదే.

ఇక బడుల చరిత్ర. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పసిపిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టారు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. అంటే పిల్లల తోట. మనం ఎల్‌కేజీ, యూకేజీ అని పొడి అక్షరాల్లో పలుకుతున్న మాటలో ఉన్నది ఆ తోటే. అక్కడ పిల్లలు కాగితం మడిచేవారు, కత్తిరించేవారు, మట్టితో రూపాలు చేసేవారు, నానబెట్టిన బఠాణీలకు సన్నటి పుల్లలు గుచ్చి ఆకారాలు కట్టేవారు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ బడులను నిషేధించింది. ఆ మరుసటి ఏడాదే ఫ్రోబెల్ కన్నుమూశారు. 1860లో నిషేధం తొలగింది. అయితే ఆయన తర్వాత చాలాచోట్ల ఆ ఆటే కవాతుగా మారింది. వరుస సంఖ్య ప్రకారం, టీచరు చెప్పిన మడత మాత్రమే పిల్లలందరూ ఒకేసారి వేయాలి. అమెరికాలో జాన్ డ్యూయీ వంటి విద్యావేత్తలు విమర్శించింది ఈ ధోరణినే. తోట మిగిలింది కానీ, మొక్కలన్నిటినీ ఒకే ఎత్తుకు కత్తిరించారు.

మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించి ఆటను, కథను, చేతిపనిని చిన్నపిల్లల చదువులోకి తెచ్చారు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా చదువు సాగాలన్నారు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ ఏడాది డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఆ నివేదికలో నాకు ఎంతో విలువైనదిగా తోచేది ఒక హెచ్చరిక. ఈ పథకం అమలులో ఆర్థిక లాభం మీదే దృష్టి పడి, చదువు ఉద్దేశం వెనకబడే ప్రమాదం ఉందని ఆ పెద్దలు ముందుగానే చెప్పారు.

వారు భయపడిందే జరిగింది. 1960ల్లో మన బడిలో చదివినవాళ్లకు క్రాఫ్టు పీరియడు గుర్తుండే ఉంటుంది. తకిలీలు, దూది ఏకులు, నూలు చిలపలు. ఎవరు ఎంత నూలు తీశారన్నదే లెక్క. క్రాఫ్టు మాస్టారు మంచివారే గానీ, పైనుంచి ఆయన్ను అడిగేది కూడా ఆ లెక్కే. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ ‘సమాజోపయోగ ఉత్పాదక కృత్యం’ అనే పేరుతో చేతిపనిని మళ్లీ ముందుకు తెచ్చింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ పీరియడు టైంటేబులులో ఉండేది. పరీక్షలు దగ్గరపడగానే లెక్కలకో ఇంగ్లీషుకో పోయేది.

ఈ చరిత్రలో నాకు ధైర్యమిచ్చిన మనిషి అరవింద్ గుప్తా. కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివి, 1970ల చివరలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంతో కలిసి పనిచేశారు. అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు చేయడం ఆయన ద్వారా దేశమంతా పాకింది. పాత పత్రికలు, చెప్పు ముక్కలు, ఖాళీ రీఫిళ్లు ఆయనకు ప్రయోగశాల. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చేసిన బొమ్మలతో పిల్లలు ఆడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, విరిగితే మళ్లీ చేసుకోవచ్చు.

ఇప్పటి పరిస్థితి మీకు తెలిసిందే. ఆ మధ్య ఒక బడిలో జరిగిన ప్రదర్శనకు అతిథిగా వెళ్లాను. రెండో తరగతి పిల్లల పేర్లతో థర్మకోల్ అడవి, రంగుల పులులు, జిరాఫీలు బల్లల మీద ఉన్నాయి. ఒక పాపను దగ్గరకు పిలిచి, “ఈ జిరాఫీ మెడ ఎలా నిలబెట్టావమ్మా?” అని అడిగాను. “డాడీ షాపులో తెచ్చారు, మమ్మీ అంటించింది. నన్ను ముట్టుకోవద్దన్నారు” అంది. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టలేను. మార్కులుంటాయని చెబితే ఎవరైనా అలాగే చేస్తారు.

నూలు తూకం, వరుస మడతలు, థర్మకోల్ జిరాఫీ మూడూ ఒకే జబ్బుకు మూడు లక్షణాలు. తయారైన వస్తువు ముఖ్యమై, తయారుచేస్తున్న పిల్లవాడు వెనక్కిపోయినప్పుడల్లా ఈ పని బడిలో చచ్చిపోయింది. ఎవరూ లెక్క అడగని చోట, అంటే అరుగుల మీద, తాటితోపుల్లో, బతికింది.

వస్తువు కాకపోతే మరి ముఖ్యమైనదేమిటి? నా తరగతిలో జరిగినది ఒకటి చెబుతాను. ఒక రోజు పిల్లల్ని ఇంటి నుంచి ఒక కూరగాయ, కొన్ని చీపురు పుల్లలు తెచ్చుకోమని, ఎవరికి నచ్చిన జంతువు వాళ్లు చేయమన్నాను. ఒక పిల్లవాడు వంకాయతో మేకను చేశాడు. కాళ్లు మూడే. నాలుగోది పొట్ట కింద మడిచి ఉంది. అందరూ నవ్వారు. “నాలుగోది నేలకు తగల్లేదేంరా?” అని అడిగాను. “మా మేక కుంటిది టీచర్. ఆ కాలు ఆనించదు. ఒరుగుతూ నడుస్తది” అన్నాడు. అప్పుడు చూశాను, వంకాయ మేక నిజంగానే ఒక పక్కకు ఒరిగి ఉంది. పడిపోకుండా ఉండడానికి వాడు మిగతా మూడు కాళ్లనూ ఎడం చేసి గుచ్చాడు. బరువు ఎటు పడుతుందో, దాన్ని ఎలా ఆపాలో వాడికి ఎవరూ చెప్పలేదు. అక్షరాలు ఇంకా సరిగా రాని పిల్లవాడు తన ఇంటి మేకను అంత శ్రద్ధగా చూశాడని ఆ వంకాయ నాకు చెప్పింది. నమూనా ముందు పెట్టి, అలాగే చేయమని ఉంటే ఆ మేక నాలుగు కాళ్ల మీద నిలబడేది. ఆ పిల్లవాడి గురించి మాత్రం నాకేమీ తెలిసేది కాదు.

అప్పటి నుంచి నేను పాటించిన పద్ధతి చిన్నది. నమూనా చూపించను. ముందు జంతువు గురించి అడుగుతాను: కోడి నీళ్లు ఎలా తాగుతుంది? పిల్లి కూర్చుంటే తోక ఎక్కడ పెట్టుకుంటుంది? తర్వాత సామాను కుప్పగా పోస్తాను. జిగురుకు గంజో, ఉడికించిన మైదానో చాలు. పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా మైదాలో మైలుతుత్తం కలుపుతారు, అది విషం కాబట్టి పిల్లల దగ్గరకు రానీయకూడదు. మరీ చిన్నవాళ్లకు బొత్తాలు, గింజలు ఇవ్వను. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. చేసినదానికి మార్కులు వేయను, సరిచేయను. అది ఏ జంతువో నాకు అర్థం కాకపోతే వాళ్లనే అడిగి తెలుసుకుంటాను.

సామాను కాలంతో పాటు మారింది. తాటాకు, కొబ్బరి ఈనె పోయి, పార్సిల్ అట్టపెట్టెలు, గుడ్ల ట్రేలు, సీసా మూతలు, టూత్‌పేస్టు పెట్టెలు వచ్చాయి. అగ్గిపెట్టె మాత్రం ఇంకా ఉంది. 2021 డిసెంబరులో దాని ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది. ఇప్పటికీ బడికి అంత చవకైన బోధనోపకరణం మరొకటి లేదు. 2020 జాతీయ విద్యా విధానం పునాది దశలో ఆటకు పెద్దపీట వేసింది. 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం ‘జాదూయీ పిటారా’ అనే ఆటవస్తువుల పెట్టెను కేంద్రం విడుదల చేసింది. సంతోషమే. అయితే ఈ చరిత్ర చదివినవాళ్లకు ఒక జాగ్రత్త ఉండాలి. ఆ పెట్టె బీరువాలో తాళం పడి, తనిఖీ రోజున మాత్రమే బయటికి వస్తే, తకిలీకి పట్టిన గతే దానికీ పడుతుంది.

స్వర్ణోత్సవ నిధితో డిజిటల్ తరగతి గది కట్టాలని సంఘం తీర్మానించింది. దానికి నేనూ చేయెత్తాను. దానితో పాటు పైసా ఖర్చులేని ఇంకో పని చేయమని మిత్రులను, ఉపాధ్యాయులను కోరుతున్నాను. ఒకటి, రెండు తరగతుల గదుల్లో పిల్లలకు అందే ఎత్తులో, తలుపు లేని ఒక అర పెట్టిద్దాం. అందులో మన ఇళ్ల పాత సామాను వేద్దాం. వారానికి ఒక గంట టైంటేబులులో రాసి, ఆ గంటను ఏ సబ్జెక్టుకూ అప్పివ్వకూడదని నియమం పెట్టుకుందాం. కొబ్బరాకు చిలుక అల్లడం వచ్చిన తాతలు, అమ్మమ్మలు మనలోనే ఉన్నారు, వాళ్లను ఆ గంటకు పిలుద్దాం. పోటీ వద్దు, బహుమతి వద్దు, ప్రదర్శన కూడా వద్దు.

ఉత్సవానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న ఖాళీ అగ్గిపెట్టెలు సంచిలో వేసుకుని రండి.