విశ్రాంతి దినం ఎవరిది?

వాక్యం విని ఊరుకుంటే చాలదు, వాక్యం ప్రకారం బతకాలి అన్న మాట చర్చిల్లో ప్రతి వారం వినిపిస్తుంది. అయితే ఆ బతకటానికి ఎవరు ఎంత మూల్యం చెల్లించారన్నది మన సంఘ చరిత్రలు పెద్దగా పట్టించుకోలేదు. మిషనరీలు ఎప్పుడొచ్చారు, గుడి ఎప్పుడు కట్టారు, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు, ఇవన్నీ లెక్కలతో సహా దొరుకుతాయి. వాక్యం వంటింట్లోకి, కూలి గింజల్లోకి వచ్చినప్పుడు స్త్రీల జీవితం ఎలా మారిందో మాత్రం వాటి సందుల్లోంచి మనమే ఏరుకోవాలి. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినానికి సంబంధించిన ఒక్క ఆజ్ఞను పట్టుకుని నేనిక్కడ ఆ పని చేయబోతున్నాను.

ఈ కథ ఒంగోలు ప్రాంతంలో మొదలుపెట్టాలి. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ ఒంగోలులో స్థిరపడింది కూడా ఆ ఏడాదే. కొత్తగా చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కరువు తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చరిత్రకారులు గొప్పగా చెబుతారు. ఆ సంఖ్య కంటే ఈ మూడు నియమాలే నన్ను ఎక్కువగా ఆలోచింపజేశాయి. చదువు రాని మనిషి కూడా నోటికి చెప్పుకోగలిగిన వేదాంతం అది. అందులో ప్రతి నియమమూ సూటిగా స్త్రీల పనిని తాకింది.

చచ్చిన గొడ్డు మాంసం మానితే ఆ పూట కుండలో ఏముంటుందన్నది ఆడవాళ్ళ సమస్య. విగ్రహాలు మానితే మాతంగి పోతుంది. జాతరలో పై కులాలవాళ్ళను మొహం మీదే తిట్టి, వాళ్ళ మీద ఉమ్మే అధికారం ఉన్న మాదిగ స్త్రీ ఆమె. మాతంగి జీవితంలో దోపిడీ లేదని నేను అనను. కానీ ఆ గొంతు పోయినచోట సంఘంలో స్త్రీకి ఏ గొంతు ఇచ్చారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి కొంత జవాబు బైబిలు స్త్రీలలో దొరుకుతుంది. చదవటం నేర్చుకుని ఊరూరా తిరిగి ఇతర స్త్రీలకు వాక్యం చెప్పిన దళిత స్త్రీలు వాళ్ళలో ఎందరో ఉన్నారు.

ఇక ఆదివారం. ఊరికి వెట్టి చేయాల్సిన మాదిగ ఏడురోజులకొకసారి పనికి రానంటే భూస్వామికి అది మతం మారటం కంటే పెద్ద నేరం. క్రైస్తవులైన మాదిగలను బావుల దగ్గరికీ బజారుకూ రానీయకుండా చేసిన ఊళ్ళ గురించి క్లఫ్ ఆత్మకథలో చదువుతాం. బావి మూస్తే నీళ్ళకోసం ఎవరు ఎంత దూరం నడిచారో అందులో వేరుగా రాయలేదు. తెలుగు పల్లెలో పుట్టిన వాళ్ళెవరికీ అది వేరుగా చెప్పక్కర్లేదు కూడా.

ఆ ఆత్మకథ 1914లో వచ్చింది. క్లఫ్ చెప్పగా దాన్ని రాసింది ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. మాదిగల నోటి కథలను, మాతంగి వివరాలను 1899లో పుస్తకంగా తెచ్చిందీ ఆమే. అంతకు ఒక్క ఏడాది ముందు ఆమె ప్రచురించిన పుస్తకం మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద! బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం ఆమె చేసిన పరిశోధన అది. ఒంగోలు మిషను చరిత్రలో స్త్రీవాదానికి ఇంత దగ్గరి చుట్టరికం ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఆ ఆజ్ఞ దగ్గరికే వద్దాం. నిర్గమకాండం 20లో, ద్వితీయోపదేశకాండం 5లో ఎవరెవరు పని మానాలో ఒక జాబితా ఉంటుంది: నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువులు, నీ ఇంట ఉన్న పరదేశి. రెండో చోట దీనికి చెప్పిన కారణం బానిసత్వపు జ్ఞాపకం. ఐగుప్తులో మీరూ బానిసలే కాబట్టి మీ దాసదాసీలు కూడా మీలాగే విశ్రాంతి తీసుకోవాలి అని. వెట్టి చేసేవాళ్ళ చెవిన పడితే ఇది కార్మిక చట్టమే. మరి భార్య ఏది? ఎద్దూ గాడిదా ఉన్న జాబితాలో ఆమె లేదు. స్త్రీవాద బైబిలు పండితులు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న ఇది. ‘నీవు’ అన్నదాంట్లోనే ఆమె కూడా ఉందని కొందరి జవాబు. హీబ్రూలో ఆ ‘నీవు’ పుంలింగం. తెలుగు ‘నీవు’కు లింగం లేదు. అనువాదకులు అనుకుని చేసినా చేయకపోయినా, తెలుగు చదివే స్త్రీకి ఆ ఆజ్ఞలో ఒక తలుపు తెరిచి ఉంది. ‘నీవు’ ఆమే అయితే పని ఆపే హక్కు ఆమెకుంది. కాకపోతే ఆమె చేసేది పనిగా కూడా లెక్కలోకి రాలేదు.

నేనుండే ఎల్.బి.నగర్‌లో ఈ రెండో అర్థమే అమల్లో ఉంది. విజయవాడ రోడ్డు మీదుగా నల్గొండ, ఖమ్మం, ఒంగోలు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందు లేచి వండి, పిల్లల్ని తయారుచేసి, వచ్చాక మళ్ళీ చుట్టాలకు కోడికూర వండేది ఆ ఇంటి స్త్రీ. మార్త పనుల్లో పడి వాక్యం వినలేదని ప్రసంగంలో మందలిస్తారు. ప్రసంగం అయ్యాక ప్రేమవిందులో అందరూ కూచునేది మార్త వండిన అన్నానికే.

మూడు మెట్రో స్టేషన్ల అవతల దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో ఆదివారమే అసలు వ్యాపారం. అక్కడ చీరలు చూపించే ఒకమ్మాయిని చర్చికి ఎప్పుడు పోతావని అడిగాను. “ఆదివారమే గిరాకి గద మేడం. సెలవు మంగళారం ఇస్తరు. వాక్యం యూట్యూబ్‌ల వింట” అంది. వారానికి ఒక సెలవు ఇవ్వాలన్న చట్టం ఆమెకు ఉంది. అలాంటి సెలవు బొంబాయి మిల్లు కార్మికులకు కూడా ఊరికే రాలేదు. 1890లో లోఖండే పెట్టిన సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు లేచి మాట్లాడారు. ఇళ్ళల్లో అంట్లు తోమే స్త్రీల దాకా మాత్రం ఈ సెలవు చట్టం రాలేదు. ఆదివారం చర్చికి వెళ్ళే విశ్వాసి ఇంట్లోనూ ఆ పూట పనిమనిషి వచ్చి తీరాల్సిందే. జాబితాలో ‘దాసి’ అన్న మాట ఉన్నా సరే.

ఆ రోజుల్లో మాదిగ కుటుంబాలు ఆదివారం పనికి రామని చెప్పి బావి పోగొట్టుకున్నాయి. ఇప్పుడదే వాక్యం చదివేవాళ్ళు ఇంట్లో స్త్రీకి, పనిమనిషికి ఒక పూట పని తగ్గించటానికి ఏం వదులుకుంటున్నారు? పోయిన నెల మా వీధి స్త్రీల కూడికలో ఆ జాబితా చదివి ఇదే అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అరవై దాటిన ఒకావిడ అంది: “నీవు అంటె నేనే అనుకున్న బిడ్డా ఇన్నేండ్లు. పని ఆపమని మాత్రం నాకెవ్వరు చెప్పలె.”

ఆ తర్వాతి ఆదివారం ప్రేమవిందుకు మగవాళ్ళు వండాలని కూడికలో తీర్మానం చేశారు. పాస్టరుగారికి చెప్పే పని ఆవిడే తీసుకుంది.