పెరటి నీలి సీతాకోకచిలుకలు

లైకెనిడే కుటుంబంలో 'బ్లూస్' అని పిలిచే చిన్న సీతాకోకచిలుకలు హైదరాబాద్ శివారు ఇళ్ల పెరళ్లలో, ఖాళీ ప్లాట్ల గడ్డిలో తరచూ కనిపిస్తాయి. రెక్కలు పూర్తిగా చాచినా చాలావాటి వెడల్పు రెండు మూడు సెంటీమీటర్లే. గడ్డిలో తిరిగే రకాలు మోకాలి ఎత్తు దాటి ఎగరడం అరుదు. వాటిని చూడాలంటే నేలమీద కూర్చోవాల్సిందే.

నీలం రెక్కల పైవైపే ఉంటుంది. వాలి రెక్కలు మూసుకుంటే మిగిలేది బూడిదరంగు. పైగా ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, పొలుసుల్లోని అతిసూక్ష్మ నిర్మాణం కాంతిలోని నీలాన్ని వెనక్కి పంపడం వల్ల కలిగేది. మగవాటిలో అది నిండుగా ఉంటుంది, ఆడవి గోధుమరంగుకు దగ్గర. కాబట్టి జాతిని పోల్చుకోవడానికి అడుగువైపు చుక్కలు, గీతలే నమ్మకమైన ఆధారం.

మొక్క కూడా ఆచూకీ చెబుతుంది. పులిచింత చుట్టూ తిరుగుతున్నది చాలావరకు పేల్ గ్రాస్ బ్లూ. దాని పిల్లపురుగులు ఆ ఆకే తిని పెరుగుతాయి. ఫుకుషిమా అణుప్రమాదం ప్రభావాన్ని పరిశీలించడానికి జపాన్ శాస్త్రవేత్తలు ఎంచుకున్నది ఈ జాతినే. వారి ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ప్లంబాగో మొగ్గల మీద గుడ్లు పెట్టేది జీబ్రా బ్లూ. చిక్కుడు, కంది పూతలోనూ కాయల్లోనూ పెరిగే పీ బ్లూ రైతు లెక్కలో పురుగే.

గేటు పక్క సైకాస్ కొత్త ఆకు వేసే రోజుల్లో ప్లెయిన్స్ క్యూపిడ్ వస్తుంది. ఆ లేత ఆకును దగ్గరగా చూస్తే చీమలు పిల్లపురుగు వీపును మీసాలతో తడుముతూ కనిపిస్తాయి. అక్కడి గ్రంథి నుంచి ఊరే తియ్యటి చుక్క వాటికి కూలి. బదులుగా, ఆ పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలను దగ్గరికి రానివ్వవు.

పీ బ్లూ, జీబ్రా బ్లూ, ప్లెయిన్స్ క్యూపిడ్‌లకు వెనక రెక్క చివర సన్నటి తోక, దాని మొదట్లో కంటిలాంటి నల్లచుక్క ఉంటాయి. వాలాక రెక్కలను రాసుకుంటుంటే తోకలు మీసాల్లా కదులుతాయి. బల్లి అదే తల అనుకుని కరిస్తే పోయేది రెక్క ముక్కే.

ఉదయం ఎండ కాసే వేళ ఇవి రెక్కలు సగం విప్పి వెచ్చబడతాయి. నీలాన్ని చూడటానికి, ఫొటో తీయడానికి అదే అనువైన సమయం. ఇవి పెరట్లో నిలవాలంటే మొగ్గల మీద మందు కొట్టకండి, ఒక మూలన పులిచింతనూ గడ్డిచామంతినీ పీకకుండా వదిలేయండి.