వన్స్ మోర్ మాత్రం రికార్డు కాలేదు

పింక్ ఫ్లాయిడ్ పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరు ఆఫీసు క్యాంటీన్లో కలిశారంటే మూడోవాడికి మాట్లాడే చాన్సు ఉండదు. 1971లో వచ్చిన 'ఎకోస్' ఇరవై మూడు నిమిషాల పాట, ఎల్పీ రికార్డుకు ఒక పక్కంతా అదే. అందులో ఎన్నో నిమిషంలో గిటార్ ఏం చేస్తుందో చెప్పుకుని మురిసిపోతుంటారు. వాళ్ళని చూస్తే నాకు మా ఆదోని, ఎమ్మిగనూరు పెద్దవాళ్ళే గుర్తొస్తారు. ఫలానా కృష్ణుడు ఫలానా పద్యం చివర రాగం ఎట్లా తీశాడు, హార్మోనియం ఆయన ఎక్కడ వెనకబడ్డాడు... ఇదే వరస. నవ్వకండి, మా వైపు ప్రోగ్రెసివ్ రాక్ అంటే పద్యనాటకమే.

ఇది ఊరికే అనే మాట కాదు, దీని వెనక చరిత్ర ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోవే. అప్పట్లో ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉండేది. అంటే తెలుగు నాటకానికి బళ్ళారి చేసిందంతా మా పాత జిల్లా సొత్తే అన్నమాట. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్ళారిలో వకీలు. సరసవినోదిని సభ పెట్టి 'చిత్రనళీయం' లాంటి నాటకాలు రాసి ఆడించాడు. తెలుగు నాటకంలో పాటలూ పద్యాలూ ఊపందుకోవడానికి ఆయనే ముఖ్య కారణం. ఆయనకు ఆంధ్ర నాటక పితామహుడని పేరు.

అసలు తమాషా ఇక్కడుంది. నాటకంలో ఈ పాడే వరసను గట్టిగా వ్యతిరేకించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆయన మేనల్లుడు, బళ్ళారి రాఘవ (1880-1946)! ఈయనా వకీలే. కోలాచలం శ్రీనివాసరావు రాసిన విజయనగర పతనం నాటకంలో పఠాన్ రుస్తుం వేషంతో పేరు తెచ్చుకున్నాడు. సహజంగా నటించాలి, ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలి, రాగాలు తగ్గించాలి అనేది ఆయన వాదన. మేనమామ తెరిచిన తలుపు మేనల్లుడు మూయబోయాడు. లండన్‌లో 1976 ప్రాంతంలో పంక్ కుర్రాళ్ళు ఇరవై నిమిషాల పాటల మీద తిరగబడ్డారు కదా, ఆ గొడవ మా దగ్గర అంతకు చాలా ముందే, అదీ ఒకే ఇంట్లో జరిగిపోయింది.

మరి గెలిచిందెవరు? పుస్తకాల్లో రాఘవ గెలిచాడు. తిరునాళ్ళలో మాత్రం మేనమామే గెలిచాడు. ఊళ్ళల్లో జనం తెల్లవార్లూ కూర్చున్నది హరిశ్చంద్ర కాటిసీను కోసం, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం కోసం. ఒకే నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు ముగ్గురు నటులు సీన్లు పంచుకునేవాళ్ళు. కథ అందరికీ తెలిసిందే, అందరి కళ్ళూ గొంతు మీదే. ఈలపాట రఘురామయ్యా, పీసపాటి నరసింహమూర్తా, షణ్ముఖి ఆంజనేయరాజా అని అభిమానులు జట్లు జట్లుగా విడిపోవడం మామూలే.

ఇప్పుడు మన ఇంజనీరింగ్ బుర్రకు పనికొచ్చే విషయం ఒకటి. పద్యానికి తాళం ఉండదు. నాలుగు పాదాలూ అయ్యాక చివరి అక్షరం పట్టుకుని ఆలాపన ఎంతసేపైనా సాగదీయొచ్చు, అది నటుడి దమ్ము, జనం మూడ్ బట్టి ఉంటుంది. కానీ 78 ఆర్పీఎం గ్రామఫోను రికార్డు ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలే. కాబట్టి రికార్డు మీద పద్యం మిగిలింది, రాగం కత్తిరింపుకు గురైంది. రాక్ వాళ్ళకు ఎల్పీ వచ్చి పాట పొడుగైతే, మనవాళ్ళకు రికార్డు వచ్చి పద్యం పొట్టిదైంది. తర్వాత క్యాసెట్లు వచ్చి నిడివి బాధ కొంత తీరింది, కానీ అప్పటికి పాత తరం గొంతులు చాలావరకు పోయాయి. ఇవాళ యూట్యూబ్‌లో ఆ పాత రికార్డు విని "ఓస్, ఇంతేనా" అనేవాళ్ళు వింటున్నది అసలు సరుకులో ఒక ముక్క మాత్రమే.

ఇంకోటి కూడా పోయింది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు 1971లో పాంపీ శిథిలాల్లో జనం లేకుండా వాయించి సినిమా తీయించుకున్నారు. అది బ్రహ్మాండంగా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ పద్యనాటకాన్ని అట్లా తీయలేం. వన్స్ మోర్ అన్నది అందులో భాగం. చచ్చి పడున్న పాత్ర కూడా జనం కేకేస్తే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోతుందని మనం జోకులేసుకుంటాం. రాఘవ లాంటివాళ్ళకు ఒళ్ళు మండింది సరిగ్గా ఇందుకే, వాళ్ళ కోపంలో న్యాయం లేకపోలేదు. అయితే అదే పద్యం రెండోసారి ఇంకో సంగతి వేసి పాడినప్పుడు, ముందువరసలో మగ్గం నేసుకునే ఆయన, పత్తి మిల్లులో పని చేసుకునే ఆయన తేడా పట్టుకుని తలూపేవాళ్ళు. సంగీతం బళ్ళోకి ఏనాడూ పోని మనుషులకు రాగం తెలిసింది అట్లాగే. ఆ వినికిడి ఏ రికార్డులోనూ లేదు, వాళ్ళ జ్ఞాపకాల్లోనే ఉంది.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతర ఏటా జరుగుతూనే ఉంది. కానీ ఆ చెవులున్నవాళ్ళు మాత్రం ఏటా తగ్గిపోతున్నారు. మనం సర్వర్లకు రోజూ బ్యాకప్ తీస్తాం, మన ఇంట్లో ముసలాయన జ్ఞాపకాలకు తీయం. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి నాటకం, ఏ ఊళ్ళో చూశావు? ఏ పద్యానికి వన్స్ మోర్ పడింది? రెండోసారి ఎట్లా పాడాడు?

మూడోదానికి చాలామంది మాటల్లో చెప్పరు, గొంతు సవరించుకుంటారు. అప్పుడు మీరు అడ్డుపడకండి, చాలు.