మధుమేహంలో ఒత్తిడి, ఆందోళన
ఆహార నియమాలు, మందులు, తరచు పరీక్షలు, ఉపద్రవాల భయం కలిసి మధుమేహులపై మోపే మానసిక భారాన్ని వైద్యులు ‘డయాబెటిస్ డిస్ట్రెస్’ అంటారు. దీనిని కొలిచే 20 అంశాల ‘పెయిడ్’ ప్రశ్నావళిని అమెరికా మనస్తత్వవేత్త విలియం పొలాన్‌స్కీ బృందం 1995లో ప్రచురించింది. ఒత్తిడివేళ విడుదలయ్యే కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్ల వల్ల కాలేయం నుంచి గ్లూకోజు రక్తంలోకి చేరి, ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. హైదరాబాదు ఐటీ కారిడార్‌లోని గోపన్‌పల్లి వంటి చోట్ల అమెరికా వేళలకు తగినట్లు రాత్రి విధులు చేసేవారికి నిద్రలేమి, వేళ తప్పిన భోజనం ఈ సమస్యను పెంచగలవు. చెమట, వణుకు, గుండెదడ ఆందోళనలోనూ, రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గినప్పుడూ కనిపిస్తాయి కనుక, ముందుగా గ్లూకోమీటరుతో పరీక్షించుకోవాలి. మనోవ్యథ వీడనప్పుడు వైద్యుణ్ణి సంప్రదించాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ‘టెలిమానస్’ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది.