మోర్మన్ సంఘంలో గే సభ్యులు, వారి కుటుంబాలు

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘాన్ని లోకం మోర్మన్ సంఘం అంటుంది. జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో దీన్ని స్థాపించాడు. ఆయన హత్య తర్వాత బ్రిగమ్ యంగ్ వెంట పడమటికి నడిచిన విశ్వాసులు 1847లో యూటా చేరారు. సాల్ట్ లేక్ సిటీ నేటికీ వారి కేంద్రం. ఈ సంఘంలో పుట్టి పెరిగిన గే, లెస్బియన్ సభ్యులను పెద్దలు మొదట నేరస్థుల్లా, తర్వాత రోగుల్లా చూశారు. కొంతకాలంగా ఓర్చుకోవలసిన బిడ్డల్లా చూస్తున్నారు. ఈ మార్పు కోసం ముందుగా నడుం కట్టినవారు మతాచార్యులు కారు, ఇళ్ళలోని తల్లులు, భార్యలు.

చల్లపల్లి, అవనిగడ్డ, మచిలీపట్నం వైపు క్రైస్తవులకు బాగా తెలిసినవి సీఎస్ఐ, ఆర్సీఎం, బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాలు. వాటిలో పెళ్ళి ప్రమాణం మరణం వరకే. మోర్మన్ దేవాలయంలో జరిగే ముద్ర సంస్కారం అలా కాదు. భార్యాభర్తలూ వారి పిల్లలూ చనిపోయిన తర్వాత కూడా ఒకే కుటుంబంగా ఉంటారని అది మాటిస్తుంది. పరలోకంలో అత్యున్నత స్థానం అలా ముద్ర పడిన స్త్రీపురుష జంటలకే అని వారి బోధ. అందుకే కొడుకు వచ్చి తాను గే అని చెప్పినప్పుడు ఆ తల్లి బెంగ నలుగురూ ఏమనుకుంటారోనన్న దగ్గర ఆగదు. రేపు పరలోకంలో ఇంటిల్లిపాదీ ఉండి వాడొక్కడూ లేకపోతే ఎలాగన్న దిగులు ఆమెను పట్టుకుంటుంది. మోర్మన్ కుటుంబాల కథను తక్కిన క్రైస్తవ కుటుంబాల కథ నుంచి వేరు చేసేది ఈ దిగులే.

సంఘం నడిచే తీరు కూడా తెలియాలి. అక్కడి బిషప్ జీతానికి పనిచేసే గురువు కాదు. వారమంతా తన ఉద్యోగమో వ్యాపారమో చేసుకుని, ఆదివారం సంఘాన్ని చూసుకునే ఇరుగుపొరుగు మనిషి. దేవాలయంలోకి వెళ్ళాలంటే ఆయన ముందు కూర్చుని నడవడిని గురించిన ప్రశ్నలకు జవాబు చెప్పి అనుమతి కార్డు తీసుకోవాలి. ఆ కార్డు లేనివారు సొంత చెల్లెలి ముద్ర సంస్కారం కూడా చూడలేరు. లోపల ముద్ర జరుగుతుంటే వెలివేతకు గురైన అన్న బయట కూర్చోవలసిందే. పెళ్ళి ఫొటోలు దిగే వేళకు మాత్రం అతనూ వచ్చి నిలబడవచ్చు.

20వ శతాబ్దం మధ్య వరకు ఈ విషయంపై బహిరంగంగా మాట్లాడింది తక్కువ. 1946లో విశ్వాసులకు ఆశీర్వాదాలిచ్చే సంఘ పాట్రియార్కు జోసెఫ్ ఫీల్డింగ్ స్మిత్‌ను పదవి నుంచి తప్పించినప్పుడు అనారోగ్యమే కారణమని ప్రకటించారు. మగవారితో సంబంధాలే అసలు కారణమని చరిత్రకారులు తర్వాత రాశారు. 1969లో సంఘ అత్యున్నత పెద్దల్లో ఒకడైన అపొస్తలుడు స్పెన్సర్ కింబల్ రాసిన 'క్షమాపణ అద్భుతం' మాత్రం ఇంటింటికీ చేరింది. స్వలింగ వాంఛ ఘోరపాపమనీ, గట్టిగా పూనుకుంటే పోతుందనీ అది బోధించింది. పోలేదంటే పూనిక చాలలేదన్న మాట. ఎందరో యువకులు ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని ఏళ్ళ తరబడి ఉపవాసాలు, ప్రార్థనలు చేశారు. 1973లో కింబల్ సంఘాధ్యక్షుడయ్యాడు.

అదే దశకంలో సంఘానికి చెందిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో 'చికిత్స' జరిగింది. మాక్స్ ఫోర్డ్ మెక్‌బ్రైడ్ 1976లో సమర్పించిన పరిశోధన గ్రంథం 14 మంది మగవారిపై చేసిన ప్రయోగాన్ని వివరిస్తుంది. మగవారి బొమ్మలు చూపిస్తూ చేతికి కరెంటు షాక్ ఇచ్చేవారు. అమెరికా మనోవైద్య సంఘం స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి 1973లోనే తీసేసిందని గుర్తుంచుకుంటే ఈ ప్రయోగం మరీ బాధ కలిగిస్తుంది. గే మోర్మన్లు తమకోసం తాము పెట్టుకున్న తొలి సంస్థ 'అఫర్మేషన్' 1977లో పుట్టింది.

షాక్‌లకంటే ఎక్కువమందికి రాసిచ్చిన మందు పెళ్ళి. పెళ్ళి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయనే మాట కృష్ణా జిల్లాలో ఎంత వినిపిస్తుందో యూటాలోనూ అంత వినిపించేది. దాని ఫలితాన్ని దాచకుండా చెప్పిన మనిషి కవయిత్రి కరొల్ లిన్ పియర్సన్. ఆమె కవితలు మోర్మన్ ఇళ్ళలో అందరికీ తెలుసు. 1966లో సాల్ట్ లేక్ దేవాలయంలో జెరాల్డ్ పియర్సన్‌తో ఆమెకు ముద్ర పడింది. సంసారం తనను మారుస్తుందని జెరాల్డ్ నమ్మాడు. నలుగురు పిల్లలు పుట్టారు, అతను మారలేదు. 1978లో విడాకులు తీసుకున్నారు. కొన్నేళ్ళకు జెరాల్డ్‌కు ఎయిడ్స్ సోకింది. చాలామంది రోగులను కన్నవారే గడప తొక్కనివ్వని రోజులవి. కరొల్ లిన్ అతన్ని కాలిఫోర్నియాలోని తన ఇంటికి తెచ్చుకుని, పిల్లల మధ్యే సేవ చేసింది. 1984లో అతను ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. 1986లో ఆమె ఈ కథను పుస్తకంగా రాసింది. గే అనగానే ఒక పాపం పేరు మాత్రమే తెలిసిన వేల కుటుంబాలకు తొలిసారి ఒక మనిషి కనిపించాడు. ఈ చరిత్ర మొత్తంలో ఏ పెద్దల ప్రకటనకూ ఆ పుస్తకానికున్నంత బలం లేదు.

1987 ఏప్రిల్ మహాసభలో సంఘ పెద్ద గోర్డన్ హింక్లీ ఇలాంటి వాంఛలకు పెళ్ళిని మందుగా చూడవద్దని చెప్పాడు. అప్పటికే అలా జరిగిపోయిన పెళ్ళిళ్ళు ఎన్నో. 1993లో ప్రోవో పట్టణంలో గ్యారీ వాట్స్, మిల్లీ వాట్స్ దంపతులు మరికొందరితో కలిసి 'ఫ్యామిలీ ఫెలోషిప్' ఆరంభించారు. వారి ఆరుగురు పిల్లల్లో ఇద్దరు స్వలింగ ప్రేమికులు. పిల్లల సంగతి బయటికి చెప్పుకోలేక కుమిలిపోయే తల్లిదండ్రులు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు అలా దొరికింది.

మరోపక్క సంఘం రాజకీయాల్లోకి దిగింది. పెళ్ళి స్త్రీపురుషుల మధ్యదేనని 1995 సెప్టెంబరులో కుటుంబ ప్రకటన వెలువడింది. కాలిఫోర్నియాలో ఆ నిర్వచనాన్నే చట్టం చేయడానికి ఓటుకు పెట్టిన 22వ ప్రతిపాదనకు 2000లో, 8వ ప్రతిపాదనకు 2008లో మోర్మన్లు డబ్బిచ్చి గడపగడపకూ తిరిగారు. 2000 ఫిబ్రవరిలో, 22వ ప్రతిపాదన ప్రచారం సాగుతుండగా, 32 ఏళ్ళ స్టువర్ట్ మాటిస్ లాస్ ఆల్టోస్‌లోని సంఘ భవనం దగ్గర ప్రాణం తీసుకున్నాడు. చిన్ననాటి నుంచీ సంఘం చెప్పిందల్లా చేసిన కుర్రాడతను. అతని తల్లిదండ్రులు సంఘంలోనే ఉండి, గే పిల్లలున్న ఇతర కుటుంబాలకు తోడుగా నిలిచారు. 2004లో వచ్చిన ఒక పుస్తకంలో వారి గోడు ఉంది.

8వ ప్రతిపాదన గెలిచింది గానీ సంఘంలో ఇళ్ళకు ఇళ్ళే రెండుగా చీలాయి. 2012 జూన్‌లో ఆదివారపు బట్టల్లో వచ్చిన మోర్మన్ కుటుంబాలు సాల్ట్ లేక్ ప్రైడ్ ఊరేగింపులో నడిచాయి. అదే ఏడాది డిసెంబరులో, ఈ ఆకర్షణను ఎవరూ కోరి తెచ్చుకోరని సంఘం అధికారికంగా ఒప్పుకుంది. తర్వాత తల్లులు 'మామా డ్రాగన్స్' పేరుతో జట్టు కట్టారు.

అంతలో 2015 నవంబరులో పిడుగు పడింది. స్వలింగ వివాహం చేసుకున్నవారు మతభ్రష్టులని కొత్త నియమం వచ్చింది. వారి పిల్లలకు 18 ఏళ్ళు నిండేవరకు బాప్తిస్మం లేదు. నిండిన తర్వాత కూడా ఆ ఇల్లు విడిచి, తల్లిదండ్రుల దాంపత్యాన్ని తప్పుపడితేనే ఇస్తారు. మోర్మన్ బిడ్డలు మామూలుగా 8 ఏళ్ళకే బాప్తిస్మం పొందుతారు. అమ్మానాన్నల మీద కోపాన్ని పిల్లల మీద చూపే ఈ నియమాన్ని ఏ ప్రేమ పేరుతోనూ సమర్థించలేం. సాల్ట్ లేక్‌లో వెయ్యిమందికి పైగా ఒకేచోట చేరి రాజీనామాలిచ్చారు. 2019 ఏప్రిల్‌లో పెద్దలు దాన్ని ఎత్తివేశారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఆ నియమాన్ని సమర్థిస్తూ మాట్లాడిన అపొస్తలుడు టాడ్ క్రిస్టాఫర్సన్ సొంత తమ్ముడైన టామ్ ఒక గే వ్యక్తి. టామ్ తానే కోరి సంఘం నుంచి పేరు తీయించుకుని, దాదాపు 20 ఏళ్ళు ఒక మగ భాగస్వామితో కాపురం చేశాడు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఆ భాగస్వామిని సైతం కుటుంబంలో మనిషిగానే చూసుకున్నారు. 2014లో టామ్ మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడు. అతని పుస్తకం 2017లో వచ్చింది. సంఘం చెప్పిన దారికి అతను తిరిగొచ్చాడని కొందరు దాన్ని ఎత్తి చూపుతారు. తిరిగొచ్చినా రాకపోయినా ఆ ఇంటి తలుపు తెరిచే ఉండేదన్నది అంతకంటే పెద్ద సంగతి.

తెలుగు నేలకు ఈ సంఘం కుటుంబం ద్వారానే వచ్చింది. సమోవాలో విశ్వాసులైన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చారు. ఎక్కువగా బంధువర్గంలోని 22 మంది బాప్తిస్మం పొందారు. సంఘ పవిత్ర పుస్తకమైన మోర్మన్ గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో అచ్చయ్యాయి. 2012 మే 27న హైదరాబాదులో భారతదేశపు మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల సమూహం) ఏర్పడింది. విశాఖపట్నం, రాజమహేంద్రవరాల్లోనూ సభ్యులున్నారు. దేశంలో తొలి దేవాలయాన్ని బెంగళూరులో కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలను సుప్రీంకోర్టు తీసింది. అంతకుముందు ఢిల్లీ హైకోర్టు 2009లో ఇలాగే ఇచ్చిన తీర్పు మీద పైకోర్టుకెక్కినవారిలో క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే మగ జంట కన్నవారి ఎదుట ఉంగరాలు మార్చుకున్నారు. వివాహ హక్కు కోసం వారు వేసిన కేసులో 2023 అక్టోబరు 17న చుక్కెదురైంది.

అమెరికాలో 2022 నవంబరులో స్వలింగ వివాహాలను కాపాడే సమాఖ్య బిల్లుకు సంఘం మద్దతు తెలిపింది. మత సంస్థలకు మినహాయింపులు ఉండడమే అందుకు కారణం. లోపలి నియమం కదల్లేదు. యూటాలోనైనా హైదరాబాదులోనైనా గే సభ్యుడు బ్రహ్మచారిగా ఉంటే బాధ్యతలు చేపట్టవచ్చు, దేవాలయంలోకి వెళ్ళవచ్చు. ఒకరితో జీవితం పంచుకుంటే సభ్యత్వంపై విచారణ జరగవచ్చు. ఆ విచారణకు కూర్చునేది మళ్ళీ ఆ ఇరుగుపొరుగు బిషప్పులే, పైవాడైన స్టేక్ అధ్యక్షుడే. అందుకే ఒకే నియమం కింద ఒక ఊళ్ళో జంటగా వచ్చినవారిని పలకరించి కూర్చోబెడతారు, మరో ఊళ్ళో వెలివేస్తారు.