మొదట అనుకరించేది తల్లే

శిశు ప్రతిష్ఠ జరిగినా, బాప్తిస్మం జరిగినా మన సంఘాల్లో తరచూ వినిపించే ప్రసంగం ఒకటే. బిడ్డ పుట్టుకతోనే అనుకరిస్తుంది కాబట్టి తల్లిదండ్రులు జాగ్రత్తగా నడుచుకోవాలి. దానికి తోడు చెప్పే చరిత్ర కూడా తిన్నగా సాగిపోతుంది: పౌలు బోధించాడు, మధ్యయుగాల భక్తులు పాటించారు, నేటి మనస్తత్వశాస్త్రం రుజువు చేసింది. ఈ వరుసలో చివరి మెట్టు మనం అనుకున్నంత గట్టిది కాదు. దాన్ని సరిచూస్తే దొరికే పాఠం వేరు, అది ఇంకా లోతైనది.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. పౌలు కొరింథువారిని తనను పోలి నడుచుకోమన్నాడు. ఎఫెసీ పత్రికలో దేవుణ్ణి పోలి నడవమంటూ ప్రియమైన పిల్లలను ఉదాహరణగా తెచ్చాడు. పెద్దల సైగలు, ముఖకవళికలు గమనిస్తూ తాను మాటలు నేర్చుకున్న తీరును అగస్టీన్ నాలుగో శతాబ్దం చివర రాశాడు. 15వ శతాబ్దంలో థామస్ ఎ కెంపిస్ ‘క్రీస్తు అనుకరణ’ ఈ భావాన్ని మఠాల బయటికీ చేర్చింది. 1847లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పాస్టరు హోరేస్ బుష్నెల్ ఇంకో అడుగు వేశాడు. ఫలానా రోజున మారుమనస్సు కలిగేదాకా ఆగనక్కర్లేదనీ, బిడ్డ ఇంటి వాతావరణంలోనే క్రైస్తవుడిగా ఎదగవచ్చనీ ఒక పుస్తకంలో అన్నాడు. విమర్శలు చెలరేగేసరికి, ఆ పుస్తకాన్ని అచ్చువేసిన సండే స్కూలు సంఘమే దాన్ని ఆపేసింది.

అసలు చిక్కు 20వ శతాబ్దంలో ఉంది. స్విట్జర్లండ్‌కు చెందిన జాన్ పియాజే తన సొంత పిల్లలను గమనించి, 1945లో వెలువరించిన గ్రంథంలో ఒక మాట తేల్చాడు. బిడ్డకు తన ముఖం తనకు కనిపించదు గనుక, ఎదుటివారి ముఖ చేష్టలను అనుకరించడం సుమారు 8 నెలలకు గాని రాదన్నాడు. 1977లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్, కీత్ మూర్ దాన్ని తలకిందులు చేశారు. నాలుక చాపి, నోరు తెరిచి చూపిస్తే 12 నుంచి 21 రోజుల పసికందులు అలాగే చేశారని ప్రకటించారు. 1983లో వాళ్లు పరీక్షించిన వారిలో పుట్టి 42 నిమిషాలే అయిన శిశువు కూడా ఉంది. మన ప్రసంగాలు ఇక్కడే ఆగిపోయాయి.

పరిశోధన ఆగలేదు. 2007లో సూసన్ జోన్స్ 6 నుంచి 20 నెలల వయసున్న 162 మంది పిల్లలను పరిశీలించి, ఒక్కో చేష్టను అనుకరించడం ఒక్కో వయసులో అబ్బుతుందని చూపింది. 2016లో జానిన్ ఊస్టెన్‌బ్రూక్ బృందం 106 మంది శిశువులను 1, 3, 6, 9 వారాల వయసుల్లో 11 రకాల చేష్టలతో పరీక్షించింది. ఒక చేష్ట చూపినప్పుడు దాన్ని ఎంతగా చేశారో, వేరేవి చూపినప్పుడూ దాదాపు అంతే చేశారు. నాలుక విషయంలో మాత్రం అనుకరణ ఉందని, మెల్ట్‌జాఫ్ సహచరులతో కలిసి ఆ లెక్కలనే 2018లో మళ్లీ చూసి వాదించాడు. కనుక ఈ తగవు తీరిందని నేను అనను. తీరనిదాన్ని రుజువైనట్టు వేదిక మీద చెప్పడం మాత్రం తప్పు.

మరి అనుకరణ ఎలా మొదలవుతుంది? 1977లోనే వచ్చిన మరో పరిశీలనకు మన రచనల్లో చోటు దొరకలేదు. సూసన్ పాల్బీ తల్లీబిడ్డల ఆటపాటలను గమనిస్తే, బిడ్డ తల్లిని అనుకరించిన సందర్భాలకంటే తల్లి బిడ్డను అనుకరించినవే చాలా ఎక్కువ. ఇది ఏ ఇంట్లోనైనా కనిపించేదే. బిడ్డ ‘ఉంగా’ అంటే తల్లి ‘ఉంగా’ అంటుంది. ముద్ద పెట్టేటప్పుడు బిడ్డతో పాటు తానూ నోరు తెరుస్తుంది. తన చేష్ట అమ్మ ముఖంలో మళ్లీ మళ్లీ కనబడటం వల్లే బిడ్డ అనుకరణ నేర్చుకుంటుందని సిసీలియా హేయిస్ వంటివారి వాదన. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

ప్రయోగాల మీద విశ్వాసాన్ని నిలబెట్టకూడదు. కానీ తల్లి ముందు, బిడ్డ తర్వాత అనే ఈ వరుసక్రమం సువార్త వరుసక్రమమే. దేవుణ్ణి పోలి నడవమని మనకు చెప్పకముందే, ఆయన మన పోలికలో పుట్టాడు.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ఒక పారదర్శకమైన పెట్టెను తెరిచి చూపుతూ మధ్యలో అక్కరలేని చర్యలు చేశారు. చింపాంజీలు వాటిని వదిలేశాయి, మూడు నాలుగేళ్ల పిల్లలు వాటినీ వదలకుండా చేశారు. పెద్దలు చేసేదానికి అర్థం ఉంటుందని పిల్లలు నమ్ముతారు. అందుకే మన మోకాళ్ల ప్రార్థనా వాళ్లకు అబ్బుతుంది, ప్రార్థన మధ్యలో ఫోన్ చూసుకోవడమూ అబ్బుతుంది.

నేటి సంఘం ఈ విషయంలో వెనకబడిందని నాకు అనిపిస్తుంది. కంఠత వాక్యాలకు బహుమతులిస్తాం, వి.బి.ఎస్. పాటలకు అభినయం నేర్పిస్తాం. ఆరాధన వేళ పిల్లలను వేరే గదికి పంపేస్తాం. అక్కడ కష్టపడే టీచర్లను తప్పుపట్టను. కానీ పెద్దలు కన్నీటితో ప్రార్థించడం, ఒకరినొకరు క్షమాపణ అడగడం చూడని బిడ్డ ఎవరిని పోలి నడుస్తుంది? తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకే ఇంట్లోనే ఉన్నారు.

హోషేయ గ్రంథం 11వ అధ్యాయంలో దేవుడు ఎఫ్రాయిముకు నడక నేర్పినవాడుగా, వంగి తినిపించినవాడుగా కనిపిస్తాడు. బిడ్డకు మాదిరిగా నిలబడాలనుకునే పెద్దలు ముందు నేర్చుకోవలసింది ఆ వంగడమే.