పెట్టెలు, ముక్కలు, పిచ్చిరాతలు: లినక్స్‌లో తెలుగు కథ

ఈ ఎపిసోడ్ ఒక పాత కంప్యూటర్ దగ్గర మొదలవుతుంది.

మా కమలాపురంలో ఒక డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు అన్నీ అక్కడే. నడిపే అన్న నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. ఆయన సిస్టంలో విండోస్ పడకేసింది. కొత్త వెర్షన్ వేద్దామంటే ఆ పాత డబ్బా మోయలేదు. సరే అని నేను డెబియన్ లినక్స్ వేసిచ్చాను. ర్యామ్ తక్కువ కదా అని అవసరమైనవి మాత్రమే ఇన్‌స్టాల్ చేశా. అదే నా తప్పు. అన్న ఒక పెళ్లి పత్రిక తెరిచాడు. తెలుగు ఉండాల్సిన చోటంతా ఖాళీ పెట్టెలు.

"యాందబ్బీ ఇది? అక్షరాలు అడిగితే అగ్గిపెట్టెలు ఇచ్చినావే?"

పెట్టెలు కనిపించాయంటే భయపడాల్సిన పని లేదు. ఫైల్‌లో అక్షరం సరిగ్గానే ఉంది, దాన్ని గీసే ఫాంటు సిస్టంలో లేదు, అంతే. టెర్మినల్ తెరిచి డెబియన్‌లో ఉన్న తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు వేశా. రెండు నిమిషాల పని. వాటిలో లోహిత్ తెలుగు ఉంటుంది. రెడ్ హ్యాట్ వాళ్ల ఫాంటు కాబట్టి ఆ పేరు, లోహితం అంటే ఎరుపు కదా. ఇంకో రెండు ఉంటాయి, పోతన2000, వేమన2000 అని. తిరుమల కృష్ణ దేశికాచారి గారు వాటిని చేసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్స్ కింద ఇచ్చేశారు. అందుకే ఈరోజు కమలాపురంలో కూర్చుని ఒక కమాండ్ కొడితే అవి వచ్చి కూర్చుంటాయి. కానీ ఈ రెండు నిమిషాల వెనక చాలా ఏళ్లు ఉన్నాయి.

1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చినప్పుడే తెలుగుకి 128 గడులు కేటాయించారు. ఆ వరుసని భారత ప్రభుత్వ ప్రమాణమైన ఇస్కీ నుంచి తీసుకున్నారు. అంటే ప్రతి అక్షరానికి ఒక నంబర్ దొరికింది. సమస్య తీరిందా? లేదు. "లక్ష్మి" తీసుకోండి. కంప్యూటర్‌కి అది ఏడు ముక్కలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. క కింద ష వత్తు పెట్టాలి, మ వత్తు పెట్టాలి, చివర్లో వచ్చిన గుడిని వెనక్కి తీసుకొచ్చి క నెత్తిన పెట్టాలి. ఈ పని ఫాంటు ఒక్కటే చెయ్యలేదు, దానికి తోడు ఇంకో ప్రోగ్రామ్ కావాలి. దాన్నే షేపింగ్ ఇంజిన్ అంటారు. అది లేకపోతే మన లక్ష్మి ముక్కలై ఏ భాగానికా భాగం విడిగా కనిపిస్తుంది. ఇప్పటికీ చాలా లినక్స్ టెర్మినళ్లలో తెలుగు అలాగే ఏడుస్తుంది, నేను రోజూ చూస్తా.

లినక్స్ డెస్క్‌టాప్‌లో ఈ బాధ్యతని పాంగో అనే లైబ్రరీ మోసింది. అందులో భారతీయ లిపుల కోసం ప్రత్యేకంగా ఒక మాడ్యూల్ ఉండేది. వత్తు తప్పు చోట పడితే ఏ ఫంక్షన్‌లో తప్పు జరుగుతోందో ఎవరైనా తెరిచి చూడొచ్చు, ప్యాచ్ రాసి పంపొచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగు మెనూలతో ఒక గ్నూ లినక్సే తయారుచేశారు. ఆ పని చేసినవాళ్లలో ఇంజినీరింగ్ స్టూడెంట్లు చాలామంది. నా బీటెక్ టైమ్‌లో నేను ప్లేస్‌మెంట్ల కోసం పజిళ్లు బట్టీ పడుతూ కూర్చున్నా, ఏం చెప్పమంటారు.

టైపింగ్ కథ ఇంకా పాతది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో తెలుగువాళ్లు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడానికి ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారుచేసుకున్నారు. ఇవాళ లినక్స్‌లో తెలుగు కీబోర్డుల లిస్టు తెరవండి, ఆర్‌టీఎస్ అని ఇప్పటికీ ఉంటుంది.

"మాకు ఫోన్ చాలు, లినక్స్‌తో ఏం పని" అనేవాళ్లకి ఒక మాట. ఫ్రీటైప్‌లో పుట్టి పాంగోలో పెరిగిన ఆ షేపింగ్ కోడ్‌లోంచే హార్ఫ్‌బజ్ వచ్చింది. బెహ్దాద్ ఎస్ఫాబోద్ దాన్ని దాదాపు మళ్లీ కొత్తగా రాశాడు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ వాడేది దాన్నే. 2012లో ఆండ్రాయిడ్ 4.1 జెల్లీబీన్‌తో తెలుగు అధికారికంగా వచ్చింది. అంతకుముందు ఒపెరా మినీలో సెట్టింగ్ మార్చి, తెలుగుని బొమ్మలుగా తెప్పించుకుని చదివిన బ్యాచ్ ఉంటే కామెంట్లలో చెయ్యెత్తండి. నేనూ అదే బ్యాచ్.

2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అని మెసేజ్ వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. మామూలుగా టైప్ చేసే జ్ఞానంతో కాదు, మధ్యలో కంటికి కనిపించని ఒక కంట్రోల్ క్యారెక్టర్ ఉంటేనే. తప్పు యాపిల్ షేపింగ్ కోడ్‌లో ఉంది, కానీ హెడ్‌లైన్లలో చెడ్డపేరు మాత్రం తెలుగు అక్షరానికి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. త్వరగానే చేశారు, ఒప్పుకోవాలి. కానీ అప్పటిదాకా బయటివాళ్లు చెయ్యగలిగింది ఎదురుచూడటమే, ఆ కోడ్ ఎవరూ తెరిచి చూడలేరు కాబట్టి. హార్ఫ్‌బజ్‌లో బగ్గులు లేవని కాదు, బోలెడు వచ్చాయి. వాటి చిట్టా మాత్రం అందరి ముందూ ఉంటుంది.

సరే, మళ్లీ షాపుకి వద్దాం. పెట్టెలు పోయాయి, అన్న శాంతించాడు. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు.

దగ్గర్లోని ఒక పల్లెలో తెలుగు పంతులు ఒకాయన ఉండేవారు. రిటైర్ అయ్యాక ఊరి చరిత్ర రాసి ఈ షాపులోనే పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేయించారు. ఆయన పోయారు. వాళ్లబ్బాయి మళ్లీ అచ్చు వేయిద్దామనుకున్నాడు. వాళ్ల దగ్గర మిగిలింది చెదలు తిన్న ఒక్క కాపీ, అన్న దగ్గర ఒక ఫైల్. లిబ్రెఆఫీస్ 2015 నుంచి, అంటే 4.4 వెర్షన్ నుంచి, పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది. తెరిచాం. అరవై నాలుగు పేజీలు వచ్చాయి. అన్నీ పిచ్చిరాతలు.

ఇది మూడో రకం జబ్బు. ఆ కాలపు డీటీపీ ఫాంట్లకి యూనికోడ్ తెలీదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, వత్తు ఒక చోట దాచుకునేవి. ఫైల్‌లో ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలే, తెలుగు అనేది ఆ ఫాంటు వేసిన వేషం. తెలుగు పత్రికల సైట్లు కూడా ఒకప్పుడు ఇంతే, ఒక్కో పేపర్‌కి ఒక్కో ఫాంటు. అప్పుడు వెన్న నాగార్జున గారు, తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన ఆయనే, పద్మ అని ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రాశారు. ఏ ఫాంటులో ఏ గుర్తు ఏ తెలుగు ముక్కో పట్టికలు పెట్టి, అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేది. 2017లో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసింది. అయినా అది ఓపెన్ సోర్స్, పద్ధతంతా కోడ్‌లో రాసి ఉంది.

నేనూ ఆ పద్ధతే పట్టుకున్నా. మా ఫాంటుకి పట్టిక తయారు కావాలి. చెదలు తినగా మిగిలిన పేజీ పక్కన పెట్టుకోవడం, ఫైల్‌లో అదే వాక్యం వెతకడం, ఈ గుర్తుకి ఈ అక్షరం అని రాసుకోవడం. ఇక్కడికి దగ్గర్లోనే, కడపలో, రెండొందల ఏళ్ల కింద సీపీ బ్రౌన్ పండితుల్ని కూర్చోబెట్టి ఒకే కావ్యం ప్రతులు నాలుగైదు పక్కపక్కన పెట్టి పాఠం సరిచేయించేవాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. స్కూల్ టూర్‌లో చూశా, అప్పుడు ఆ పని ఏంటో బుర్రకెక్కలేదు.

మొదట దొరికిన మాట "కమలాపురం". అన్నీ తేలిక అక్షరాలే. "పాపాఘ్ని" మాత్రం ఏడిపించింది. ఘ ఒక చోట, న వత్తు ఇంకో చోట, గుడి అసలు విడిగా లేదు, ఘితో కలిపి వేరే గుర్తు. మూడో రోజు సాయంత్రానికి ఏరు పేరు స్క్రీన్ మీద సరిగ్గా నిలబడింది. పంతులుగారి అబ్బాయి పక్కనే ఉన్నాడు. పైకి చదివాడు, తర్వాత లైను కూడా తనే చదివాడు, ఆపలేదు.

ఇంకా పదకొండు పేజీలు మిగిలాయి. ఊళ్లోని పాత శాసనాల గురించి రాసిన భాగం అది. పంతులుగారు దానికి వేరే ఫాంటు వేయించారట, అందంగా ఉంటుందని. ఆ పేజీలు పుస్తకంలో చెదలు తిన్న వైపే ఉన్నాయి. ఆ ఫాంటు పేరు అన్నకి గుర్తు రావడం లేదు. పాత సీడీలు అటక మీద ఉన్నాయట, ఆదివారం దించుతానన్నాడు.